పరిచారిక, సఖి, సిబ్బంది: విమాన క్యాబిన్ ఏకరూప దుస్తుల పరిణామం

వ్యాససంగ్రహం:

విమానంలో ప్రయాణికుల మధ్య పనిచేసే క్యాబిన్ సిబ్బంది దుస్తులు గత తొమ్మిది దశాబ్దాలలో అనేకసార్లు మారాయి. అదే విమానాన్ని నడిపే పైలట్ దుస్తులు మాత్రం దాదాపు తొలినాటి రూపంలోనే నిలిచి ఉన్నాయి. ఈ వ్యత్యాసానికి మూలం ఫ్యాషన్‌లో కంటే ఆ ఉద్యోగానికి విమాన సంస్థలు కాలానుగుణంగా కల్పించిన నిర్వచనంలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగులో ఈ ఉద్యోగానికి వాడుకలో ఉన్న 'పరిచారిక', 'గగనసఖి', 'క్యాబిన్ సిబ్బంది' అనే మూడు పదాలను విశ్లేషణ సాధనాలుగా స్వీకరించి, అమెరికా, సింగపూర్, భారతదేశం, బ్రిటన్, జపాన్ విమాన సంస్థల ఏకరూప దుస్తులలో వచ్చిన మార్పులను, వాటి వెనుక ఉన్న ఆర్థిక, న్యాయ, భద్రతా కారణాలను వివరిస్తుంది.

కీలక పదాలు: ఏకరూప దుస్తులు, గగనసఖి, ఎయిర్ ఇండియా, చీర, సరోంగ్ కెబాయా, లింగ వివక్ష, విమాన భద్రత.

1. ఉపోద్ఘాతం:

దుస్తులు శరీరాన్ని కప్పుతాయి. ఏకరూప దుస్తులు అంతటితో ఆగక, ధరించిన వ్యక్తికి ఒక హోదాను, ఒక కర్తవ్యాన్ని ఆపాదిస్తాయి. ఖాకీ చొక్కా, నల్లకోటు, నర్సు తెల్లదుస్తులు కనబడగానే ఆ వ్యక్తి ఎవరో తెలియకపోయినా చేసే పని ఏమిటో తెలుస్తుంది. ఫ్రెంచి విమర్శకుడు రోలాండ్ బార్త్ 1967లో ప్రచురించిన 'ది ఫ్యాషన్ సిస్టమ్' గ్రంథంలో ఫ్యాషన్ పత్రికలలోని దుస్తుల వర్ణనలను ఒక సంకేత వ్యవస్థగా విశ్లేషించాడు. సంస్థలు చిన్న చిన్న నియమాల ద్వారా మనుషుల శరీరాలను ఎలా క్రమశిక్షణలోకి తెస్తాయో మిషెల్ ఫూకో 1975 నాటి 'డిసిప్లిన్ అండ్ పనిష్'లో చర్చించాడు. ఏకరూప దుస్తుల అధ్యయనానికి ఈ రెండు దృక్పథాలూ అవసరమే. దుస్తి ప్రయాణికునికి ఏమి చెబుతున్నది అన్నది మొదటి ప్రశ్న. ధరించిన ఉద్యోగిని ఏమి చేయనిస్తున్నది, ఏమి చేయనీయడం లేదు అన్నది రెండవ ప్రశ్న.

ఈ ప్రశ్నలకు విమానం ఒక అనువైన క్షేత్రం. 1930వ దశకంలో అమెరికాకు చెందిన పాన్ అమెరికన్ సంస్థ నీటిపై దిగే తన భారీ విమానాల పైలట్లకు నౌకాదళ అధికారుల దుస్తులను పోలిన దుస్తులను ఇచ్చింది. ముదురు కోటు, టోపీ, హోదాను తెలిపే బంగారు రంగు పట్టీలు అలా వచ్చినవే. నేటికీ ఏ దేశపు విమానంలోనైనా కెప్టెన్‌ను నాలుగు పట్టీలను బట్టి గుర్తించవచ్చు. పైలట్ దుస్తి ఇంత స్థిరంగా ఉండగా, తలుపు అవతల పనిచేసే సిబ్బంది దుస్తి మాత్రం నర్సు దుస్తిగా, సైనిక కోటుగా, పొట్టి స్కర్టుగా, చీరగా, ప్యాంటు చొక్కాగా ఎందుకు మారుతూ వచ్చింది?

దీనికి సమాధానం వెతకడానికి తెలుగు పదజాలమే ఒక మార్గం చూపుతుంది. 'విమాన పరిచారిక' అన్నప్పుడు రోగికి పరిచర్య చేసే స్త్రీ స్ఫురిస్తుంది. 'గగనసఖి' అన్నప్పుడు ప్రయాణికునికి ఆహ్లాదం కలిగించే చెలి స్ఫురిస్తుంది. 'క్యాబిన్ సిబ్బంది' అన్నప్పుడు స్త్రీపురుష భేదం లేకుండా ఒక ఉద్యోగం మాత్రమే స్ఫురిస్తుంది. ఈ పదాలు కాలక్రమంలో ఒకదాని తర్వాత ఒకటి పుట్టాయని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆ ఉద్యోగాన్ని చూసిన మూడు దృష్టులకు అవి పేర్లుగా ఉపకరిస్తాయి. ఏకరూప దుస్తులు కూడా ఈ మూడు దృష్టులను అనుసరించే రూపుదిద్దుకున్నాయి.

2. పరిచారిక: విశ్వాసాన్ని కలిగించే దుస్తి:

విమానయానంలో ఈ ఉద్యోగం తొలుత పురుషులది. 1912లో జర్మనీకి చెందిన ష్వాబెన్ అనే గాలినౌకలో పనిచేసిన హైన్రిచ్ కూబిస్‌ను ప్రపంచంలో తొలి విమాన సేవకుడిగా పరిగణిస్తారు. ఆ తరువాత వచ్చిన పురుష సేవకులకు ఓడలలోని స్టీవార్డులే నమూనా. వారి పొట్టి తెల్లకోటు కూడా ఓడల భోజనశాల నుండి వచ్చినదే.

స్త్రీల ప్రవేశం 1930 మే 15న జరిగింది. అమెరికాలోని బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ విమానంలో ఎలెన్ చర్చ్ అనే నర్సు ఆనాడు విధులు నిర్వర్తించింది. ఆమె విమానం నడపడం నేర్చుకున్న వ్యక్తి. పైలట్‌గా అవకాశం దొరకని పరిస్థితిలో, నర్సులను విమానంలో నియమిస్తే ప్రయాణికులకు ధైర్యం కలుగుతుందని ఆమె ఆ సంస్థకు సూచించింది. ఆ సూచన ఫలితంగా ఎనిమిది మంది నర్సులకు ఉద్యోగాలు లభించాయి. అవివాహితలై ఉండాలని, వయసు 25 ఏళ్లు మించరాదని, బరువు 115 పౌండ్లు, అంటే సుమారు 52 కిలోలు దాటరాదని షరతులు పెట్టారు. నాటి విమానాలు చిన్నవి. బరువు పరిమితికి అప్పట్లో సాంకేతికమైన ఒక కారణమైనా ఉంది. విమానాలు పెద్దవైన తరువాత ఆ కారణం పోయింది, కాని షరతు దశాబ్దాల పాటు మిగిలింది.

ఈ తొలి నర్సులకు రెండు రకాల దుస్తులు ఉండేవి. విమానాశ్రయంలో ముదురు ఆకుపచ్చ ఉన్ని కోటు, స్కర్టు, భుజాలపై కప్పుకునే కేప్, మెత్తని టోపీ ధరించేవారు. విమానం లోపల ఆసుపత్రిని గుర్తుకు తెచ్చే బూడిదరంగు దుస్తి, నర్సు టోపీ వేసుకునేవారు. కుర్చీల బోల్టులు బిగించడం, సామాను మోయడం, అవసరమైతే ఇంధనం నింపడంలో సహాయపడడం వారి విధులలో భాగాలు. కేప్‌కు కుట్టిన పెద్ద జేబులలో బోల్టులు బిగించే పనిముట్లు, విమానం మధ్యలో నిలిచిపోతే ప్రయాణికులను రైలెక్కించడానికి రైళ్ల వేళల పట్టిక పట్టేవి. తొలి దుస్తి నర్సు రూపంలో ఉన్నా, పనికి తగిన జేబు దానికి ఉండడం గమనార్హం.

నర్సు దుస్తి ఎంపిక యాదృచ్ఛికం కాదు. నాటి విమానాలు తక్కువ ఎత్తులో, గాలి కుదుపులలో ఎగిరేవి. ప్రయాణికులకు వాంతులు, భయం సాధారణం. నర్సు అయిన యువతే నిబ్బరంగా విమానమెక్కి పనిచేస్తుంటే భయపడవలసిన పని లేదన్న సందేశాన్ని ఆ దుస్తి అందించింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నర్సులు సైనిక సేవలకు తరలిపోవడంతో నర్సు అర్హత నిబంధన తొలగిపోయింది. దుస్తులలో ఆసుపత్రి ఛాయ తగ్గి, భుజాలు బిగువుగా ఉండే కోటు, పక్కకు వాల్చి పెట్టుకునే టోపీ, రెక్కల ఆకారపు బ్యాడ్జి వంటి సైనిక లక్షణాలు బలపడ్డాయి. రెండు రూపాలలోనూ దుస్తి లక్ష్యం ఒక్కటే, ప్రయాణికునిలో విశ్వాసం కలిగించడం.

3. సఖి: ధర ఒక్కటైనప్పుడు రూపమే సరుకు:

1960వ దశకంలో ఈ లక్ష్యం మారింది. దాని వెనుక ఉన్న ఆర్థిక కారణాన్ని గుర్తించకపోతే ఆ మార్పు కేవలం ఫ్యాషన్ మోజుగా కనిపిస్తుంది. 1938 నుండి 1978లో నియంత్రణలు తొలగించే చట్టం వచ్చే వరకు అమెరికాలో అంతర్రాష్ట్ర విమాన ఛార్జీలను ప్రభుత్వ మండలి నియంత్రించేది. ఏ సంస్థ టికెట్ కొన్నా ధరలో తేడా పెద్దగా ఉండేది కాదు. జెట్ విమానాలు వచ్చాక వేగంలోనూ తేడా తగ్గిపోయింది. ధరతో పోటీపడే వీలు లేని సంస్థలు భోజనంతో, మద్యంతో, చివరికి సేవచేసే యువతి రూపంతో పోటీపడ్డాయి. నాటి విమాన ప్రయాణికులలో అధికులు వ్యాపార పనులపై తిరిగే పురుషులు కావడం దీనికి తోడైంది.

1965లో బ్రానిఫ్ ఇంటర్నేషనల్ సంస్థ ఈ ధోరణికి నాంది పలికింది. ప్రకటనల రంగ నిపుణురాలు మేరీ వెల్స్ సూచనతో విమానాలకు కాంతివంతమైన రంగులు వేయించి, ఇటలీ రూపకర్త ఎమిలియో పూచీ చేత దుస్తులు తయారు చేయించింది. ప్రయాణం సాగుతున్నకొద్దీ పై పొరలు ఒక్కొక్కటిగా తీసివేసేలా ఆ దుస్తులు రూపొందాయి. ఆ ప్రక్రియనే సంస్థ 'ఎయిర్ స్ట్రిప్' అనే ద్వంద్వార్థపు పేరుతో ప్రచారం చేసింది. వర్షంలో జుట్టు తడవకుండా ప్లాస్టిక్ బుడగ వంటి శిరస్త్రాణం కూడా ఇచ్చింది. వాడకానికి అనువుగా లేక అది త్వరలోనే మూలపడింది. 1968లో టి.డబ్ల్యు.ఎ. సంస్థ వివిధ దేశాల ఛాయలతో కాగితపు దుస్తులను ప్రవేశపెట్టింది. 1971లో టెక్సస్‌లో సేవలు ప్రారంభించిన సౌత్‌వెస్ట్ సంస్థ పొట్టి నిక్కర్లను, మోకాళ్లను తాకే బూట్లను ఏకరూప దుస్తిగా ఎంచుకుని, 'ప్రేమ' అనే మాట చుట్టూ ప్రచారమంతా అల్లింది. అదే ఏడాది నేషనల్ సంస్థ తన ప్రకటనలలో ఒక యువతి చిత్రం ముద్రించి, తనతో ఎగరమని ఆమే ఆహ్వానిస్తున్నట్లు రాయించింది.

ఇదే కాలంలో పారిస్ రూపకర్తలు కూడా ఈ రంగంలోకి వచ్చారు. ఎయిర్ ఫ్రాన్స్ దుస్తులను 1960వ దశకంలో డియోర్ సంస్థ, ఆ తరువాత బాలెన్సియాగా రూపొందించారు. ప్రసిద్ధ రూపకర్త పేరు సంస్థ ప్రతిష్ఠను పెంచేది. అయితే దుస్తిని ఎంపిక చేసేది సంస్థ, గీసేది రూపకర్త, చూసేది ప్రయాణికుడు. ధరించి పని చేసే ఉద్యోగిని అభిప్రాయానికి ఈ వరుసలో చోటు లేదు. దుస్తితో పాటు నవ్వు కూడా ఉద్యోగ ధర్మమైంది. ఈ స్థితిని సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ విమాన సిబ్బందిపై చేసిన అధ్యయనం ఆధారంగా 1983లో 'ది మేనేజ్డ్ హార్ట్' గ్రంథంలో 'భావోద్వేగ శ్రమ'గా సిద్ధాంతీకరించింది.

4. జాతి ప్రతీకగా సఖి: సరోంగ్ కెబాయా, చీర:

ఆసియా విమాన సంస్థలలో ఇదే ఆకర్షణ సూత్రం మరొక రూపం ధరించింది. పాశ్చాత్య సంస్థలు ఆధునిక ఫ్యాషన్‌ను అమ్మితే, కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాల సంస్థలు తమ సంప్రదాయాన్ని ముందుంచాయి. 1968లో మలేషియా-సింగపూర్ ఎయిర్‌లైన్స్ కోసం ఫ్రెంచి రూపకర్త పియేర్ బాల్మాఁ సరోంగ్ కెబాయాను ఏకరూప దుస్తిగా మలిచాడు. మలయ్ ద్వీపకల్పంలోని స్త్రీలు ధరించే బిగువైన రవిక, నడుముకు చుట్టుకునే బాతిక్ వస్త్రం దానికి ఆధారం. 1972లో ఆ సంస్థ రెండుగా విడిపోయాక సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఈ దుస్తితోనే 'సింగపూర్ గర్ల్' అనే ప్రచార ప్రతీకను నిర్మించింది. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, ఊదా రంగులు ఉద్యోగినుల హోదాను తెలుపుతాయి. 1993లో ఆ ప్రతీక మైనపు బొమ్మ లండన్‌లోని మేడమ్ టుస్సాడ్స్ ప్రదర్శనశాలలో చేరింది. అర్ధశతాబ్దం దాటినా దుస్తి మౌలిక రూపం మారలేదు.

భారతదేశపు అనుభవం దీనికి దగ్గరగా ఉంటూనే భిన్నమైనది. టాటా ఎయిర్‌లైన్స్ 1946లో ఎయిర్ ఇండియాగా మారి, 1948లో లండన్‌కు అంతర్జాతీయ సేవలు ప్రారంభించింది. 1953లో విమానయానం జాతీయం కావడంతో హైదరాబాదు బేగంపేట కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ వంటి సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. భారతదేశపు తొలి మహిళా వాణిజ్య పైలట్‌గా పేరొందిన ప్రేమ్ మాథుర్‌కు 1940వ దశకం చివర్లో ఉద్యోగమిచ్చింది ఈ డెక్కన్ ఎయిర్‌వేసే. ఆమె వంటి వారు అరుదైన మినహాయింపులు. విమానంలో స్త్రీకి సాధారణంగా లభించిన చోటు క్యాబినే.

ఎయిర్ ఇండియా తొలినాటి పరిచారికలు పాశ్చాత్య పద్ధతిలో స్కర్టు, కోటు, టోపీ ధరించేవారు. 1960వ దశకంలో వాటి స్థానంలో చీర వచ్చింది. 'మహారాజా' ప్రతీకతో రాజోచిత ఆతిథ్యాన్ని ప్రచారం చేస్తున్న సంస్థకు చీర సహజమైన ఎంపిక. పొట్టి స్కర్టుల పోటీలో పాల్గొనకుండానే విదేశీ ప్రయాణికుని దృష్టిని ఆకట్టుకునే మార్గం అది. స్వదేశంలో మాత్రం ఈ చీర మరొక పని చేసింది. పరాయి పురుషులకు భోజనం వడ్డిస్తూ, రాత్రివేళ విదేశాలలో బస చేసే ఉద్యోగం పట్ల మధ్యతరగతి కుటుంబాలకు ఉన్న సంకోచాన్ని తగ్గించగల గౌరవం ఆ వస్త్రానికి ఉంది. ఒకే దుస్తి విదేశీయునికి వింత సౌందర్యంగా, స్వదేశీయునికి మర్యాదగా కనబడగలగడం చీర ప్రత్యేకత.

అయితే ఇంట్లో కట్టుకునే చీర వేరు, ఏకరూప దుస్తిగా కట్టే చీర వేరు. ఇంట్లో చీరను పనిని బట్టి ఎగ్గట్టుకోవచ్చు, పైటను నడుముకు దోపుకోవచ్చు. పొలంలో నాట్లు వేసే స్త్రీ గోచీ పోసి కడుతుంది. కుట్టు లేని వస్త్రానికి ఉన్న ఈ స్వేచ్ఛే చీర బలం. విమానంలో చీరకు ఆ స్వేచ్ఛ ఉండదు. కుచ్చిళ్ల కొలత, పైట పొడవు, పిన్నీసు పెట్టవలసిన చోటు, రవిక చేతుల పొడవు అన్నీ నియమబద్ధమవుతాయి. సంప్రదాయ వస్త్రం పేరు నిలుస్తుంది, దానిని ధరించే స్త్రీకి ఉన్న ఎంపిక మాత్రం తొలగిపోతుంది.

5. న్యాయస్థానాలలో దుస్తుల ప్రశ్న:

'సఖి' భావన బలహీనపడడానికి రూపకర్తల కంటే ఉద్యోగినులు, వారి సంఘాలు, న్యాయస్థానాలే ఎక్కువగా కారణమయ్యాయి. 1964లో అమెరికాలో వచ్చిన పౌరహక్కుల చట్టం ఉద్యోగాలలో లింగ వివక్షను నిషేధించింది. స్త్రీలు మాత్రమే చేయదగిన పని ఇది అని విమాన సంస్థలు వాదించాయి. పురుషుడైన సెలియో డియాజ్ ఈ ఉద్యోగం కోసం పాన్ అమెరికన్ సంస్థపై వేసిన దావాలో, 1971లో అప్పీలు న్యాయస్థానం ఆ వాదనను తిరస్కరించింది. విమాన సంస్థ ప్రధాన కర్తవ్యం ప్రయాణికులను సురక్షితంగా గమ్యం చేర్చడమే కాని వారికి ఆహ్లాదకర వాతావరణం కల్పించడం కాదన్నది ఆ తీర్పు సారాంశం. 1981లో సౌత్‌వెస్ట్ సంస్థపై గ్రెగరీ విల్సన్ కేసులోనూ ఇదే సూత్రం నిలిచింది. స్త్రీ ఆకర్షణపైనే తమ వ్యాపార ప్రతిష్ఠ ఆధారపడి ఉందన్న సంస్థ వాదనను టెక్సస్ ఫెడరల్ న్యాయస్థానం అంగీకరించలేదు.

దుస్తుల ఖర్చు కూడా న్యాయస్థానానికి చేరింది. నార్త్‌వెస్ట్ సంస్థపై మేరీ లాఫీ వేసిన కేసులో, ఒకే పని చేసే పురుషులకు అధిక జీతం, బసలో ప్రత్యేక గది, దుస్తులు ఉతికించుకునే భత్యం ఇస్తూ స్త్రీలకు వాటిని నిరాకరించడం వివక్షేనని 1973లో న్యాయస్థానం తేల్చింది. ఉతుకు భత్యం చిన్న విషయంగా తోచవచ్చు. కాని పురుషుని దుస్తిని వృత్తి దుస్తిగా, స్త్రీ దుస్తిని ఆమె సొంత అలంకారంగా సంస్థ భావించిందనడానికి అంతకు మించిన నిదర్శనం అవసరం లేదు.

భారతదేశంలో ఈ చర్చ 1981లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఎయిర్ ఇండియా – నర్గేష్ మీర్జా తీర్పుతో ముడిపడి ఉంది. నాటి నిబంధనల ప్రకారం ఎయిర్ హోస్టెస్ 35 ఏళ్ల వయసులో, లేదా నాలుగేళ్ల సర్వీసు నిండకముందే పెళ్లి చేసుకుంటే, లేదా తొలి గర్భంతో ఉద్యోగం వదలవలసి వచ్చేది. అదే క్యాబిన్‌లో పనిచేసే పురుషులు 58 ఏళ్ల వరకు కొనసాగవచ్చు. తొలి గర్భంతో తొలగించే నిబంధనను న్యాయస్థానం నిరంకుశమైనదిగా కొట్టివేసింది. వయసు 35 దాటాక కొనసాగింపును యాజమాన్యం ఇష్టానికి వదిలే అధికారాన్ని కూడా రద్దుచేసింది. అయితే వివాహ నిబంధనను సమర్థించింది. ఎయిర్ హోస్టెస్‌లు, పురుష ఫ్లైట్ పర్సర్లు వేర్వేరు కేడర్లకు చెందినవారు కనుక సేవా నిబంధనలలో తేడా వివక్ష కాదని భావించింది. ఉద్యోగానికి పెట్టిన పేరే హక్కుల పరిధిని నిర్ణయించిన సందర్భమిది. 'హోస్టెస్' అన్న పేరు, దానికి తగిన దుస్తి, దానికి తగిన వయసు ఒకే నిర్వచనంలోని మూడు అంశాలు.

6. సిబ్బంది: భద్రత, ఆరోగ్యం, సౌకర్యం:

విమానంలో క్యాబిన్ సిబ్బంది ఉండడం చట్టం విధించిన అవసరం. సుమారు ప్రతి 50 సీట్లకు ఒకరు చొప్పున ఉండాలని భారత్‌తో సహా పలు దేశాల నిబంధనలు చెబుతాయి. భోజనం వడ్డించకుండా విమానం ఎగరవచ్చు, శిక్షణ పొందిన సిబ్బంది లేకుండా ఎగరరాదు. ఉన్న ద్వారాలలో సగం మాత్రమే వాడి 90 సెకన్లలో ప్రయాణికులందరినీ బయటికి పంపగలగాలన్నది పెద్ద విమానాల రూపకల్పనకు పాటించే ప్రమాణం. 1986 సెప్టెంబరు 5న కరాచీలో హైజాక్ అయిన పాన్ అమెరికన్ 73 విమానంలో ప్రయాణికులను తప్పించే ప్రయత్నంలో ప్రాణాలర్పించి, మరణానంతరం అశోకచక్ర పొందిన నీరజా భనోత్ ఆ విమానపు సీనియర్ పర్సర్. 2024 జనవరి 2న టోక్యో హనేడా విమానాశ్రయంలో మంటల్లో చిక్కుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ 516 విమానంలోని 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. విమానంలోని ప్రకటనల వ్యవస్థ పనిచేయకపోతే సిబ్బంది మెగాఫోన్లతో, గొంతెత్తి కేకలతో వారిని నడిపించారు.

ఈ దృష్టితో చూస్తే దుస్తికి పరీక్ష వేరుగా ఉంటుంది. ఎత్తు మడమల చెప్పులు అత్యవసర జారుడు మార్గాన్ని చింపవచ్చు, కనుక దూకేముందు విప్పాలి. విప్పితే శిథిలాల మీద వట్టి కాళ్లతో నడవాలి. నైలాన్ వంటి కృత్రిమ దారాలు వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. ఉన్ని, నూలు అలా కరగవు. బిగుతైన స్కర్టు, సరోంగ్ పెద్ద అడుగు వేయనీయవు. 2000 అక్టోబరు 31న తైపేలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ 006 విమానం కూలి 83 మంది మరణించిన ప్రమాదం తరువాత, బయలుదేరేటప్పుడు, దిగేటప్పుడు భద్రతా పాదరక్షలు ధరించే నియమాన్ని ఆ సంస్థ చేర్చింది. ప్రతీకాత్మక దుస్తిని మార్చకుండా పాదరక్షను మాత్రం మార్చడం, అలంకారానికి, భద్రతకు మధ్య కుదిరిన రాజీ.

ఆరోగ్యం మరొక కోణం. ముడతలు పడకుండా, మరకలు అంటకుండా ఏకరూప దుస్తుల బట్టకు రకరకాల రసాయనాలు పట్టిస్తారు. ఒక అమెరికన్ సంస్థ 2011లో కొత్త దుస్తులు ఇచ్చిన తరువాత సిబ్బందిలో చర్మ, శ్వాస, కంటి సంబంధ లక్షణాలు పెరిగినట్లు హార్వర్డ్ పరిశోధకుల అధ్యయనం 2018లో వెల్లడించింది. మిగతావారు నచ్చని బట్టను మార్చుకోగలరు. ఏకరూప దుస్తి ధరించే ఉద్యోగికి ఆ వీలు లేదు. కనుక బట్ట ఎంపిక వృత్తిపరమైన ఆరోగ్య సమస్యగా పరిణమిస్తుంది.

ఈ కారణాలన్నీ కలిసి గత దశాబ్దంలో నిబంధనలను సడలించాయి. 2013లో దక్షిణ కొరియా మానవ హక్కుల కమిషన్ ఏషియానా సంస్థకు ఉద్యోగినులను ప్యాంటు ధరించనివ్వాలని సిఫారసు చేసింది. 2016లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో స్కర్టు తప్పనిసరి చేయబడిన విభాగపు ఉద్యోగినులు కార్మిక సంఘం పోరాటంతో ప్యాంటు హక్కు సాధించారు. 2019లో వర్జిన్ అట్లాంటిక్ ముఖాలంకరణను ఐచ్ఛికం చేసింది. జపాన్‌లో ఎత్తు మడమల చెప్పులకు వ్యతిరేకంగా 'కూటూ' ఉద్యమం సాగిన మరుసటి ఏడాది, 2020లో జపాన్ ఎయిర్‌లైన్స్ ఆ చెప్పుల నిబంధనను ఎత్తివేసి, ప్యాంటును అనుమతించింది. 2021లో ఉక్రెయిన్ సంస్థ స్కైఅప్ స్కర్టు, మడమల చెప్పుల స్థానంలో వదులైన సూటు, స్నీకర్లు ఇచ్చింది. 2023లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ కోసం ఓజ్వాల్డ్ బోటెంగ్ రూపొందించిన దుస్తులలో జంప్‌సూట్, హిజాబ్ ఎంపికలు చేరాయి.

7. నేటి భారతదేశం: రెండు మార్గాలు:

నేటి భారతీయ విమానయానంలో ఈ చరిత్ర అంతా రెండు భిన్న మార్గాలలో కనిపిస్తుంది. 2022లో సేవలు ప్రారంభించిన ఆకాశ ఎయిర్ తన సిబ్బందికి ప్యాంటు, కోటు, స్నీకర్లు ఇచ్చింది. సముద్ర వ్యర్థాల నుండి సేకరించిన ప్లాస్టిక్‌ను శుద్ధిచేసి తీసిన పాలిస్టర్ దారంతో ఆ దుస్తులు తయారయ్యాయని సంస్థ ప్రకటించింది. సౌకర్యం, పర్యావరణ స్పృహ ఇక్కడ కొత్త ప్రచారాంశాలు.

2022లో తిరిగి టాటా సంస్థల చేతికి వచ్చిన ఎయిర్ ఇండియా మరొక మార్గం ఎంచుకుంది. 2023 డిసెంబరులో మనీష్ మల్హోత్రా రూపొందించిన కొత్త దుస్తులను విడుదల చేసింది. పురుషులకు బంద్‌గలా కోటు, స్త్రీలకు ఒక రంగు నుండి మరొక రంగులోకి జారే ఛాయలతో ముందుగానే కుట్టి సిద్ధం చేసిన చీర ఇచ్చారు. కోరుకున్నవారు ఆ చీరను ప్యాంటుతో కలిపి ధరించవచ్చు. కుట్టులేనితనమే చీర స్వభావం కాగా, ఇక్కడ కుచ్చిళ్లు కుట్టుతో స్థిరపడ్డాయి. త్వరగా ధరించడానికి, కదలడానికి అది అనుకూలం. చూసేవారికి చీరగా, ధరించేవారికి కుట్టిన దుస్తిగా ఉండే ఈ రూపం సఖికి, సిబ్బందికి మధ్య నిలిచిన సంధి రూపం.

8. ముగింపు:

పై పరిశీలన నుండి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

• పైలట్ పని నిర్వచనం మారలేదు కనుక పైలట్ దుస్తి మారలేదు. క్యాబిన్ సిబ్బంది పనిని సంస్థలు పదేపదే పునర్నిర్వచించాయి కనుక వారి దుస్తి మారుతూ వచ్చింది.

• 1960-70 దశకాలలోని పొట్టి దుస్తులకు మూలం స్త్రీ స్వేచ్ఛ కంటే ఛార్జీల నియంత్రణ కల్పించిన వాణిజ్య పోటీలో ఎక్కువగా ఉంది.

• సరోంగ్ కెబాయా, చీర వంటి సంప్రదాయ దుస్తులు ఏకరూపమైనప్పుడు జాతి ప్రతీకలయ్యాయి. అదే సమయంలో వాటిని ధరించే స్త్రీల ఎంపికను హరించాయి.

• వయసు, వివాహం, బరువు, దుస్తి నిబంధనలు వేర్వేరు కావు. అవన్నీ 'సఖి' అనే ఒకే భావన నుండి పుట్టినవి.

• మార్పుకు ప్రధాన కారకులు ఉద్యోగినులు, కార్మిక సంఘాలు, న్యాయస్థానాలు. రూపకర్తలు ఆ మార్పుకు ఆకృతి ఇచ్చినవారు.

ఈ చర్చ విమానానికే పరిమితమైనది కాదు. అధ్యాపికలు చీర మాత్రమే కట్టాలని విద్యాసంస్థలు ఒత్తిడి చేయరాదని 2021లో కేరళ ఉన్నత విద్యాశాఖ స్పష్టం చేయవలసి వచ్చింది. తరగతి గదిలోనైనా, విమానంలోనైనా దుస్తి నియమం వెనుక ఉన్న ప్రశ్న ఒకటే. అది పనికి ఉపకరిస్తున్నదా, లేక చూసేవారి కోసం విధించబడిందా? బేగంపేట, శంషాబాద్ విమానాశ్రయాల నుండి పనిచేసిన తెలుగు ఉద్యోగినుల మౌఖిక చరిత్రలను, తెలుగు కథలలో, వారపత్రికలలో గగనసఖి చిత్రణను సేకరించి పరిశీలిస్తే ఈ ప్రశ్నకు తెలుగు సమాజం నుండి లభించే సమాధానాలు వెలుగులోకి వస్తాయి. తొలి నర్సుల కేప్‌కు పనిముట్లు పట్టే జేబు ఉండేది. తొంభై ఏళ్ల తరువాత వచ్చిన స్నీకర్లు, ప్యాంటు ఆ జేబు చెప్పిన మాటనే మళ్లీ చెబుతున్నాయి: ఆ దుస్తిలో ఉన్నది పని చేసే మనిషి.